అక్షరాలు రాని పెద్దవారికి ఫోన్‌లో ఏవి నిజంగా పనికొస్తాయి?

చదవడం రాని పెద్దవారికి ఏ యాప్ మంచిదని, దానితోనే ఇంగ్లీషు కూడా నేర్పవచ్చా అని మీరు అడిగారు. వయోజన విద్యా తరగతుల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్న అనుభవంతో చెబుతున్నాను: ముందుగా ఈ రెండు పనులనూ విడదీయండి. డ్యుయోలింగో వంటి భాషలు నేర్పే యాప్‌లు ఏదో ఒక భాష చదవగలిగినవారి కోసం తయారైనవి కాబట్టి, అక్షరాలు రానివారు మొదటి సూచన దగ్గరే ఆగిపోతారు. తాము మాట్లాడే భాషలో చదవడం వచ్చాక కొత్త భాషకు వెళ్లడం చాలా సులువు.

మొదటి పనికి, అంటే చదవడం నేర్పడానికి, నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్ముకున్నది ఫోన్‌లోనే ఉండే వాయిస్ టైపింగ్. అఆల నుంచి గుణింతాలు, ఒత్తులు అన్నీ పూర్తయ్యేదాకా ఆగమంటే, పగలంతా కష్టపడి వచ్చిన మనిషికి ఓపిక నిలవదు. అదే తాను అన్న మాట తెరపై అక్షరాలుగా కనిపిస్తే, దాన్ని చదవాలన్న ఆసక్తి దానంతట అదే పుడుతుంది. మా తరగతిలో ఒకావిడ మైకు గుర్తు నొక్కి "మా కూతురు రేపు ఊరు వెళ్తుంది" అన్నారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి నెమ్మదిగా కూడబలుక్కుంటూ, 'కూతురు' చివరనున్న 'రు' అక్షరమే 'ఊరు'లోనూ ఉందని ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. అయితే యాస మాటలను ఫోన్ ఒక్కోసారి తప్పుగా రాస్తుంది కనుక, వారు చదవడానికి ముందే మీరు ఒకసారి సరిచూడాలి. ఆండ్రాయిడ్‌లోని సెలెక్ట్ టు స్పీక్‌ను ఆన్ చేస్తే, చదువుతున్న మాటను గుర్తించి చూపుతూ ఫోనే పైకి చదివి వినిపిస్తుంది. వేగం తగ్గించి పెట్టండి.

2019లో బోలో పేరుతో వచ్చిన గూగుల్ రీడ్ అలాంగ్ యాప్‌లో తెలుగు కథలున్నాయి కానీ, అది పిల్లల కోసం చేసినది. బొమ్మలు, చప్పట్లు చూసి కొందరు పెద్దవారు చిన్నబుచ్చుకుంటారు. వారి గౌరవం నాకు ముఖ్యం కాబట్టి అడిగిన తర్వాతే చూపిస్తాను. దానికి బదులు, తెలిసిన పాటలను అదే భాషలో సాహిత్యం కనబడేలా పెట్టడం మేలు. అక్షరాస్యతపై పరిశోధన చేసే బ్రిజ్ కొఠారి 1996లో ముందుకు తెచ్చిన ఈ పద్ధతిలో పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది కనుక, కన్ను చెవిని అనుసరిస్తూ పోతుంది.

ఇంగ్లీషు దశకు వచ్చాక, మరచిపోయే సమయానికి మాటను మళ్లీ చూపే అంకీ అనే కార్డుల యాప్ ఉపయోగపడుతుంది. కార్డుల్లో వారికి అవసరమైన మాటలే పెట్టండి: మందు చీటీలోవి, దరఖాస్తు ఫారంలోవి, పనిచేసే చోట వినిపించేవి.

ఏది ఎంచుకున్నా లాగిన్, పాస్‌వర్డ్ అడగనిది, నెట్ లేకపోయినా పనిచేసేది చూడండి. చదవడం రాని మనిషిని చదివితే గాని తెరుచుకోని యాప్ ముందు కూర్చోబెడితే, మరుసటి రోజు తరగతికే రారు.