తుప్పు పట్టిన ఫ్రేమ్, ఇంజన్ మాత్రమే మిగిలాయి. ఏ కారో ఎలా తెలుస్తుంది? బాగు చేయించవచ్చా?

భీమిలి దగ్గర మీ తాతగారి తోట షెడ్డులో ఫ్రేమ్, ఇంజన్, రెండు యాక్సిళ్లు, రెండు చెక్క చక్రాలు దొరికాయన్నారు. బాడీ, రేడియేటర్, కాగితాలు ఏవీ లేవన్నారు. అయినా నిరాశపడకండి. మా మేనమామ వాళ్ల ఊళ్లో ఇలాగే మొండెంగా దొరికిన ఫోర్డ్ మోడల్ టీని మేం విశాఖలోనే బాగు చేయించి నడిపించాం.

అన్నిటికంటే ముఖ్యం, అది ఏ కారో తేలేదాకా దాన్ని కడిగించకండి, ఇసుక బ్లాస్టింగ్‌కి ఇవ్వకండి, రంగు వేయించకండి. ఫ్రేమ్ మీద ఖాళీగా కనిపించే ప్రతి కన్నంలో ఒకప్పుడు ఏదో ఒక బోల్టు ఉండేది. మడ్‌గార్డు ఎక్కడ పట్టింది, బాడీ ఎక్కడ కూర్చుంది, స్టీరింగ్ ఏ పక్క ఉండేది, అన్నీ వాటిని బట్టే తెలుస్తాయి. జిడ్డు కింద పాత రంగు కూడా దొరకవచ్చు. మెకానిక్ పాపం సాయం చేద్దామనే గ్రైండర్ తెస్తాడు, ఆపండి. షెడ్డు నేల మీది మట్టిని జల్లెడ పట్టి బోల్టులు, రేకు ముక్కలు, చెక్క ముక్కలు ఏరి, ఎక్కడ దొరికిందో రాసి సంచుల్లో కట్టి ఉంచండి.

కనిపించిన పేరల్లా కారు పేరు అనుకోవద్దు. మాగ్నెటో (స్పార్కుకి కరెంటు పుట్టించే భాగం) మీద బాష్ అనో, కార్బరేటర్ మీద జెనిత్ అనో ఉంటే అవి ఆ భాగం చేసిన కంపెనీల పేర్లే. అప్పటి కార్ల కంపెనీలు చాలావాటిని బయట కొని బిగించేవి. దానికంటే నట్లు, బోల్టులు చూడటం నయం. విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత) స్పానర్ సరిగ్గా పడితే బ్రిటిష్ కారు అయ్యే అవకాశం ఎక్కువ, అమెరికన్ అంగుళాల స్పానర్ పడితే అటువైపు వెతకాలి.

తర్వాత టేపు తీసుకోండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 100 అంగుళాలు వచ్చి, కమాన్ పట్టీలు (స్ప్రింగులు) ముందొకటి వెనకొకటి అడ్డంగా ఉంటే అది మోడల్ టీ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన కారు కదా, మన తోటల్లో తేలడంలో వింత లేదు. కింద మూడు పెడళ్లుంటాయి. మధ్యది రివర్స్. ఫ్లైవీల్ మీదే అయస్కాంతాలు బిగించి ఉంటాయి. సిలిండర్ వెడల్పు 3.75 అంగుళాలు. దాన్ని దానితోనే గుణించి, నాలుగు సిలిండర్లతో గుణించి, 2.5తో భాగిస్తే 22.5 వస్తుంది. ఇది బ్రిటన్‌లో కారు పన్నుకు వాడిన హార్స్‌పవర్ లెక్క. ఒకవేళ మీది ఫోర్డ్ కాకపోయినా ఈ లెక్క పనికొస్తుంది, ఎందుకంటే ఆస్టిన్ ట్వెల్వ్ లాంటి కార్లకు పేర్లే ఆ లెక్క మీద పెట్టారు.

మోడల్ టీ నంబరు ఇంజన్ ఎడమ పక్కన, నీళ్ల గొట్టం బిగించే చోటుకి పైన ఉంటుంది. మేం కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో జిడ్డు మెత్తబరిచి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, సుద్దముక్క రుద్ది, టార్చి పక్క నుంచి వేశాం. ముందు ఏమీ లేదనిపించింది. సుద్ద గుంటల్లో నిలిచాక మొదట ‘సి’ అనే ఇంగ్లిష్ అక్షరం, దాని వెనక అంకెలు తేలాయి. ఆ ‘సి’ అంటే కెనడా. బ్రిటిష్ పాలనలోని మన దేశానికి ఫోర్డులు ఎక్కువగా కెనడాలోని వాకర్‌విల్ నుంచి వచ్చేవి. 1926లో పెట్టిన ఫోర్డ్ ఇండియా కూడా కెనడా కంపెనీకి అనుబంధ సంస్థే. మీ చెక్క ముక్కల్లో చదరపు గుంట ఉన్న స్క్రూలు కనబడితే అదీ కెనడా గుర్తే.

ఒక్క జాగ్రత్త, ఆ నంబరు ఇంజన్ వయసే చెప్తుంది. వాడకంలో ఇంజన్లు మార్చేసేవారు. 1926కి ముందు ఫ్రేమ్ మీద నంబరు కొట్టేవారు కాదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్ల పెళ్లి ఫొటోలు వెతికించండి. కారు ముందు నిలబడి తీయించుకున్నది ఒక్కటి దొరికినా చాలు. ఇత్తడి రేడియేటర్ కనిపిస్తే 1916, అంతకు ముందు మోడల్. నల్ల రేకు తొడుగుంటే 1917 లేదా ఆ తర్వాతిది. బాడీ ఎలా ఉండేదో కూడా ఆ ఫొటోలోనే తెలియాలి. మద్రాసు సింప్సన్ లాంటి కంపెనీలు మన దేశంలోనే బాడీలు కట్టేవి కాబట్టి అమెరికా బొమ్మలు చూసి కట్టించడం సరికాదు.

ఇక బాగు చేయడం. పిస్టన్లు పట్టేసి ఉంటే సుత్తి ఎత్తొద్దు. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే) ఆయిల్, అసిటోన్ సమంగా కలిపి పోసి నాననివ్వండి, ఓపిక పట్టండి. అసిటోన్ తొందరగా అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు. బేరింగులు బజార్లో కొనేవి కావు, వైట్ మెటల్ (బేరింగులకు వాడే మెత్తటి మిశ్రమ లోహం) పోత పోయాలి. నాకు ఫిషింగ్ హార్బర్ వైపు పాత బోటు ఇంజన్లు చేసిన మేస్త్రి దొరికారు. కరిగిన లోహంలో ఆయన ఒక పుల్ల ముంచి తీశారు. పుల్ల గోధుమ రంగుకి మాడితే పోతకు సరైన వేడి, భగ్గున అంటుకుంటే ఎక్కువైనట్టు. అలాంటి చేయి ఇంకా మన ఊళ్లో ఉండటం నిజంగా అదృష్టం.

మన సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే. పొద్దున శుభ్రం చేసిన ఇనుము సాయంత్రానికి ఎర్రబడుతుంది, అదే రోజు ప్రైమర్ పడాలి. చెక్క చక్రాల ఆకులు వదులైతే నీళ్లలో నానబెట్టమంటారు. వినకండి, ఆరగానే మళ్లీ వదులవుతాయి. కొత్త ఆకులే వేయించండి. మోడల్ టీ సామాను చాలావరకు అమెరికాలో ఇప్పటికీ కొత్తది తయారవుతోంది.

మారుతి ఇంజన్ పెట్టిస్తే సులువని ఎవరైనా చెప్తే ఒప్పుకోవద్దు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ వస్తుంది. రోజువారీ తిరగడానికి మాత్రం ఒప్పుకోరు, ప్రదర్శనలకి, ర్యాలీలకి తీయవచ్చు. తాతగారి ట్రంకు పెట్టెల్లో పాత ఆర్‌సీ ఉందేమో ఇప్పుడే చూడండి.

ఇంజన్ ఎడమ పక్క, ముందు కమాన్ పట్టీ, ఫ్రేమ్ వెనక కొస, ఈ మూడింటి ఫొటోలు పగటి వెలుతురులో తీసి పెట్టండి. ఫోర్డేనా కాదా నేను చూసి చెప్తాను.