డాక్టర్ సలహా: నొప్పి పోయిందని పరుగెత్తాను, చీలమండ మళ్ళీ వాచింది

ప్రశ్న: నా వయసు 20. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఆర్మీ ర్యాలీ కోసం రోజూ ఆరు కిలోమీటర్లు పరుగెడుతున్నాను. పన్నెండు రోజుల క్రితం ఊళ్లో సంబరాలకు పెట్టిన కబడ్డీలో కుడి పాదం లోపలికి మడతపడింది. టప్‌మని శబ్దం వినిపించింది, అరగంటలో వాచిపోయింది. అమ్మమ్మ చింతపండు, ఉప్పు, పసుపు ఉడికించి వేడివేడిగా పట్టు వేసింది. మర్నాడు పక్కూరిలో ఒకాయన నూనె రాసి గట్టిగా లాగాడు. ఆరో రోజు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తే నొప్పి పోయింది. తెల్లారే పరుగెత్తాను, వాపు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు కుంటుతూ నడుస్తున్నాను. నెల రోజులుగా మోకాళ్ల కింద ముందు ఎముక వెంబడి కూడా నొప్పి ఉంటోంది. నాన్నకు కిడ్నీ జబ్బు, ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం. ర్యాలీకి ఏడు వారాలే ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఒక మాట. ఏడు వారాలు తక్కువేమీ కాదు. కానీ అందులో మొదటి మూడు వారాలు పరుగు మానేస్తేనే మిగిలిన నాలుగు మీకు పనికొస్తాయి.

పాదం లోపలికి మడతపడినప్పుడు దెబ్బ తగిలేది చీలమండ బయటి వైపు ఉండే లిగమెంట్లకు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలవి. మీ కవిటి వైపు కొబ్బరి పీచు తాడు చూడని వాళ్లుండరు. ఆ తాడును ఒక్కసారిగా గుంజితే ఒక్కోసారి రెండు మూడు పోగులు తెగుతాయి, ఒక్కోసారి సగం తెగుతుంది, ఒక్కోసారి పూర్తిగా తెగిపోతుంది. లిగమెంట్ కూడా అంతే. పోగులు తెగితే ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. సగం తెగితే మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. పూర్తిగా తెగితే రెండు మూడు నెలలు. టప్‌మని శబ్దం, అరగంటలోనే వాపు అంటున్నారు కాబట్టి మీది కనీసం రెండో రకం అనుకుంటున్నాను. చెయ్యి పెట్టి చూడకుండా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను.

అమ్మమ్మగారిని ఏమీ అనకండి. ఆ పట్టులోని పసుపు వల్ల నష్టం లేదు, ఇబ్బంది వేడి వల్లే. మొదటి రెండు రోజులు లోపల సన్నని రక్తనాళాలు చిట్లి ఉంటాయి. వేడి తగిలినా, మర్దన చేసినా రక్తం ఇంకా కారి వాపు పెరుగుతుంది. నూనె రాసి లాగడం మాత్రం నిజంగా చెడ్డ పని. తెగిన పోగుల్ని ఇంకా తెంపినట్టే. ఎముకలో సన్నటి చీలిక ఉంటే అది పక్కకు జరిగే ప్రమాదమూ ఉంది.

మరి ఐస్ పెట్టాలా? 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టర్ విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలు చెప్పారు. ప్రపంచమంతా వాటినే పాటించింది. 2014లో ఆయనే ముందుకొచ్చి, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని రాశారు. నా దృష్టిలో మొదటి రోజు, రెండో రోజు నొప్పి తట్టుకోలేకపోతే ఐస్‌ను తువ్వాలులో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. పన్నెండో రోజున మీకు దానితో పనిలేదు.

ఎక్స్‌రే తప్పదా అని మీరు అడగలేదు, నేనే చెబుతాను. దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముకల అంచున వెనక వైపు గానీ చివర గానీ వేలితో నొక్కితే నొప్పి పుట్టినా, పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చినట్టుండే ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీస్తాం. మీరు దెబ్బ మీద పరుగెత్తారు, లాగించుకున్నారు, ఇంకా కుంటుతున్నారు. అందుకే ఇవేవీ లేకపోయినా తీయించుకోండి. టెక్కలి జిల్లా ఆసుపత్రిలో అయినా సరే, శ్రీకాకుళం రిమ్స్‌లో అయినా సరే, ఈ వారమే వెళ్లండి.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఇదే. అందులో ఏ మందు ఉందో చీటీ మీద రాయించుకోండి. ఇలాంటి నొప్పికి ఎక్కువగా వేసేది డైక్లోఫెనాక్. అది కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒకటి రెండు డోసులతో ఏమీ కాకపోవచ్చు. కానీ మీది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో నేను మీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోనే ఉంది. ఉక్కపోతలో చెమట ధారగా కారుతూ, నీళ్లు తక్కువ తాగి, పైన నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని పరుగెత్తడం మీలాంటి కుర్రవాడు అస్సలు చేయకూడని పని. ర్యాలీ రోజు పొద్దున కూడా వేయించుకోవద్దు, ఎవరు చెప్పినా సరే. ఎలాగూ ఆసుపత్రికి వెళ్తారు కాబట్టి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే సీరం క్రియాటినిన్ అనే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష కూడా చేయించుకోండి. 2023 డిసెంబరు నుంచి పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి, రిపోర్టులో తేడా ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి. ఈలోగా నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు, రోజుకు మూడుకు మించకుండా, అదీ మూడు నాలుగు రోజులే.

ఎముక విరగలేదని తేలితే పని మొదలుపెట్టండి. పూర్తిగా మంచం మీద పడుకుంటే లిగమెంట్ గట్టిపడదు. చీలమండ బ్రేస్ గానీ క్రేప్ బ్యాండేజ్ గానీ కట్టుకుని ఇంట్లో మామూలుగా నడవండి. బ్యాండేజ్ వేళ్ల దగ్గర నుంచి పైకి చుట్టాలి, రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. కూర్చుని కాలి బొటనవేలితో గాలిలో అ నుంచి ఱ వరకు అక్షరాలు రాయండి, రోజుకు మూడుసార్లు. పాత సైకిల్ ట్యూబును మంచం కోడుకు కట్టి, పాదానికి తగిలించి బయటికి లాగండి. పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒక్క కాలి మీదే నిలబడండి. ముప్పై సెకన్లు తూలకుండా నిలబడగలిగితే కళ్లు మూసుకుని ప్రయత్నించండి. ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది కానీ, చీలమండ మళ్ళీ మళ్ళీ మడతపడకుండా కాపాడేది ఇదే. దెబ్బ తగిలిన కాలు ఎక్కడ అడుగు పడుతోందో మెదడుకు సరిగా చెప్పదు, దానికి మళ్ళీ నేర్పాలి. దమ్ము తగ్గకుండా ఈ మూడు వారాలూ సైకిల్ తొక్కండి.

దెబ్బ తగిలిన ఒక్క కాలి మీదే మడమ ఎత్తి దించడం ఇరవై సార్లు, గెంతడం పదిసార్లు నొప్పి లేకుండా చేయగలిగిన రోజున పరుగు మొదలుపెట్టండి. మొదట ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. ఆ తర్వాత వేగం, చివరగా మలుపులు. కబడ్డీ మాత్రం ఈ ఏడాదికి వద్దు, తర్వాత ఆడినా ఆరు నెలలపాటు బ్రేస్ వేసుకుని ఆడండి.

ముందు ఎముక నొప్పిది వేరే కథ. ఎముక లోపలి అంచు వెంబడి నాలుగు వేళ్ల వెడల్పున నొప్పి ఉంటే అది పరుగు ఎక్కువైనందువల్ల వచ్చేదే, ఈ మూడు వారాల విరామంతో తగ్గుతుంది. ఒక్క వేలితో చూపించగలిగేంత చోటే నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నప్పుడూ సలుపుతుంటే, ఎముక అలసి సన్నగా చీలి ఉండవచ్చు. మొదటి రెండు మూడు వారాల ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు కూడా. అలాంటి నొప్పి అయితే డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. బూట్లు ఎప్పుడు కొన్నారో చూసుకోండి. రోజుకు ఆరు కిలోమీటర్ల చొప్పున వారానికి ఆరు రోజులు పరుగెడితే నాలుగు నెలలకే 600 కిలోమీటర్లు దాటుతాయి, అప్పటికి చాలా బూట్లకు అడుగు మెత్తదనం పోతుంది. తారు రోడ్డు మీద కాకుండా గట్టి మట్టి మైదానంలో పరుగెత్తండి. సముద్రం ఒడ్డున ఇసుక ఏటవాలుగా ఉంటుంది, మీ చీలమండకు అది ఇప్పుడు మంచిది కాదు.

ఎక్స్‌రే, క్రియాటినిన్ రిపోర్టులు రాగానే మళ్ళీ రాయండి. వాటిని చూసి, మిగిలిన నాలుగు వారాల పరుగు ఎలా సాగాలో రోజువారీగా రాసి పంపుతాను.