టెక్ సందేహాలు: రోమాలు తగ్గించే ఐపీఎల్ మెషిన్ కొనే ముందు డబ్బా మీది అంకెలు కాదు, మీ చర్మం చూసుకోండి

ప్రశ్న: కాళ్లు, చేతుల మీద రోమాలు తీసుకోవడానికి ఇంట్లో వాడే ఐపీఎల్ మెషిన్ కొందామనుకుంటున్నాను. ఒకదాని మీద 9,99,999 ఫ్లాష్‌లు అని ఉంది, ఇంకోదాని మీద 3 లక్షలే. ఎక్కువ ఉన్నదే తీసుకోవాలా? నాది చామనఛాయ కన్నా కాస్త నలుపు.

మీరు చివర్లో రాసిన ఆ చిన్న ముక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే కొనాలా వద్దా అనేది తేలేది అక్కడే. ఐపీఎల్ అంటే ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, అంటే మెరుపుల్లా వచ్చే తీవ్రమైన కాంతి. మెషిన్ లోపల ఉండేది జినాన్ దీపం, కెమెరా ఫ్లాష్‌లో వాడే రకమే. బటన్ నొక్కగానే వచ్చే ఆ కాంతిని వెంట్రుకలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థం పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి కుదురు దాకా దిగి వెంట్రుకను కొంతకాలం మళ్లీ పెరగకుండా అడ్డుకుంటుంది. కాంతితో చుట్టుపక్కల భాగాన్ని వదిలేసి రంగున్న భాగాన్ని మాత్రమే వేడెక్కించవచ్చని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే అమెరికన్ పరిశోధకులు వివరించారు, ఈ మెషిన్లన్నిటికీ ఆధారం ఆ సూత్రమే. చిక్కేమిటంటే చర్మానికి రంగునిచ్చేది కూడా ఆ మెలనినే. చర్మం నల్లగా ఉన్న కొద్దీ వెంట్రుకకు చేరాల్సిన కాంతిని పైన చర్మమే తీసేసుకుంటుంది. అప్పుడు వెంట్రుకకేమీ కాదు, చర్మం మాత్రం కమిలిపోతుంది, బొబ్బలొస్తాయి, ఆ తర్వాత నెలల తరబడి పోని మచ్చలు మిగులుతాయి.

చర్మం రంగును 6 రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేల్ అని ఒకటుంది. ఇంటి ఐపీఎల్‌లు చాలావరకు 4వ రకం దగ్గర ఆగిపోతాయి, కొన్ని 5 దాకా వెళ్తాయి, బాగా నల్లని 6వ రకానికి వద్దనే చెబుతాయి. కంపెనీ ఇచ్చే రంగుల చార్టును పగటి వెలుతురులో చూడండి, అది కూడా ముఖం పక్కన పెట్టి కాదు, మెషిన్ వాడబోయే చోట పెట్టి. ఒకే మనిషికి పిక్క ఒక రంగులో, మోకాలు ఇంకో రంగులో, చంక అంతకన్నా నల్లగా ఉండొచ్చు కదా. చార్టులో మీ రంగు గీతకు అటో ఇటో అనిపిస్తే నా సలహా ఒకటే, కొనకండి. చర్మం రంగును పసిగట్టే స్కిన్ సెన్సర్ ఉంది కాబట్టి ఫర్వాలేదు అనుకోవద్దు, మంచి సెన్సర్ నల్లటి చర్మం మీద ఫ్లాష్‌ను ఆపేస్తుంది, నిజమే, కానీ పుట్టుమచ్చల్ని, పచ్చబొట్టును చూసి తప్పించాల్సింది మీరే. నల్లని చర్మానికి ఎన్‌డీ యాగ్ అనే 1064 నానోమీటర్ల లేజర్ ఉంది, ఆ కాంతిని పైచర్మంలోని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. అయితే అది చర్మ వైద్యుల దగ్గర చేయించుకోవాల్సిన పని.

ఇక ఫ్లాష్‌ల లెక్క. ఒక్కసారి కూర్చుంటే 500 ఫ్లాష్‌లు ఖర్చవుతాయనుకుందాం, 3 లక్షలంటే 600 సార్లు. వారానికోసారి వాడినా 11 ఏళ్లు దాటుతుంది, ఈలోపు దీపం కన్నా ముందు ఫ్యానో ప్లగ్గో పోవచ్చు. అంచేత ఆ 9 లక్షల అంకెకు విలువ ఇవ్వకండి. చూడాల్సింది చదరపు సెంటీమీటరు చర్మానికి ఎన్ని జౌల్స్ (కాంతి శక్తికి కొలత) అందుతాయన్నది. కొందరు మొత్తం జౌల్స్ మాత్రమే పెద్దక్షరాల్లో వేస్తారు. 18 జౌల్స్ అని ఉండి కిటికీ, అంటే కాంతి బయటికొచ్చే భాగం, 3 చదరపు సెంటీమీటర్లుంటే చర్మానికి అందేది 6, అదే 18 జౌల్స్ కిటికీ 4.5 ఉంటే అందేది 4 మాత్రమే. కిటికీ సైజు చెప్పని మెషిన్‌ను పక్కన పెట్టేయండి.

మీ రంగు చార్టులో సరిపోయి కొన్నారనుకోండి, వాడే ముందు షేవ్ చేయాలి. వ్యాక్సింగ్ చేస్తే, పీకేస్తే లోపల కాంతిని పట్టుకునే వెంట్రుకే ఉండదు. తక్కువ లెవెల్‌లో ఒక చిన్న చోట కొట్టి 24 గంటలు ఆగండి, ఎర్రదనం తగ్గకపోతే అక్కడితో ఆపేయండి. ఎండలో కమిలిన చర్మం మీద, కంటి చుట్టుపక్కల అసలు వద్దు, గర్భంతో ఉన్నప్పుడూ వద్దు. ఫలితం రెండు వారాల్లో రాలేదని టెన్షన్ పడొద్దు, పెరిగే దశలో ఉన్న వెంట్రుకలే ఈ కాంతికి లొంగుతాయి, మిగతావి వంతుల వారీగా ఆ దశకు వస్తాయి కాబట్టి వారానికో రెండు వారాలకో ఒకసారి చొప్పున కొన్ని నెలలు పడుతుంది. తెల్ల వెంట్రుకలకు పనిచేయదు. శాశ్వతంగా పోతాయన్న మాటా నమ్మొద్దు, తగ్గుతాయి, సన్నబడతాయి, మధ్యమధ్య మళ్లీ వాడుతుండాలి.

ప్రశ్న: ఎపిలేటర్ వాడుతున్నాను. నొప్పి అలవాటైంది కానీ వెంట్రుకలు చర్మం లోపలే చుట్టుకుని ఎర్రటి కురుపులవుతున్నాయి.

ఎపిలేటర్‌లో తిరిగే చిన్న చిన్న పట్టకార్లు వెంట్రుకను వేరుతో లాగుతాయి, అందుకే మూడు నాలుగు వారాలు నున్నగా ఉంటుంది. వేగంగా లాగేస్తే మాత్రం కొన్ని వెంట్రుకలు వేరుతో రాకుండా మధ్యలో తెగుతాయి, ఆ తెగిన ముక్క పైకి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. రెండో చేత్తో చర్మాన్ని బిగించి పట్టుకోండి, మెషిన్‌ను చర్మానికి నిటారుగా ఉంచి గట్టిగా నొక్కకుండా నిదానంగా జరపండి. వెంట్రుక 2 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉంటే పట్టు బాగుంటుంది, ఎక్కువుంటే ముందు ట్రిమ్ చేసుకోండి. రాత్రి పడుకునే ముందు వాడితే ఎర్రదనం తెల్లారేసరికి చాలావరకు సర్దుకుంటుంది. మెషిన్ తలను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. రెండు మూడు రోజులయ్యాక స్నానంలో మెత్తటి గుడ్డతో నెమ్మదిగా రుద్దితే లోపల ఇరుక్కున్నవి బయటికొస్తాయి, సూదితో మాత్రం గుచ్చొద్దు. ఇవన్నీ చేసినా కురుపులు వస్తుంటే మీ వెంట్రుకలకు పీకే పద్ధతి పడలేదని అర్థం, ట్రిమ్మర్‌కు మారిపోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: షేవ్ చేస్తే మందంగా వస్తాయంటారు, నిజమేనా? రోమాలు తీసే క్రీమ్ మేలా?

నిజం కాదు. దీన్ని 1928లోనే పరీక్షించి చూశారు, తేడా కనిపించలేదు. వెంట్రుక కొన సహజంగా సన్నగా ఉంటుంది, బ్లేడు పడితే మొద్దుగా తెగుతుంది, అందుకే గరగరలాడుతుంది. క్రీమ్ గ్యాడ్జెట్ కాదు గానీ అడిగారు కాబట్టి చెబుతాను, అందులోని థయోగ్లైకొలేట్ అనే రసాయనం వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రోటీన్ బంధాలను తెంచుతుంది. మన చర్మంలోనూ కెరటిన్ ఉంది, కాబట్టి ట్యూబు మీద రాసిన టైం దాటి ఒక్క నిమిషం కూడా ఉంచకండి.

ప్రశ్న: గడ్డం కింద గట్టి వెంట్రుకలు పెరుగుతున్నాయి, పీరియడ్స్ కూడా సరిగా రావడం లేదు. ఏ మెషిన్ మంచిది?

ముందు మెషిన్ కాదమ్మా, డాక్టర్. ఈ రెండూ కలిసి వస్తున్నాయంటే పీసీఓఎస్ లాంటి హార్మోన్ సమస్య ఉండొచ్చు, అది ఉండగా పైపైన ఎన్ని తీసినా కొత్తవి పుడుతూనే ఉంటాయి. పైగా ముఖం మీద, మెడ మీద ఐపీఎల్, లేజర్ వాడితే కొందరిలో వెంట్రుకలు తగ్గడానికి బదులు పెరుగుతాయి, హార్మోన్ల తేడా ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. పరీక్షలు అయ్యేదాకా ముఖానికి వాడే చిన్న ట్రిమ్మర్ చాలు. ఇది మీ తప్పు కాదు, దాచుకోవాల్సిన సంగతీ కాదు, రేపే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ప్రశ్న: ట్రిమ్మర్ మీద ఐపీఎక్స్7 అని ఉంది. స్నానం చేస్తూ వాడొచ్చా? మర్మాంగాల దగ్గర ఏది సురక్షితం?

వాడొచ్చు. ఐపీఎక్స్7 అంటే 1 మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి నీరు పోకూడదని అర్థం. అది మంచినీళ్ల లెక్క, వేడినీళ్లు, సబ్బు నురగ ఎక్కువైతే రబ్బరు సీలు త్వరగా పాడవుతుంది. ఛార్జింగ్ పెడుతూ తడి చేత్తో ముట్టుకోవద్దు. మీరడిగిన చోటికి గార్డు తొడిగిన ట్రిమ్మరే మంచిది, ఎపిలేటర్, క్రీమ్, ఐపీఎల్ మూడూ వద్దు, అక్కడి చర్మం పల్చన, రంగు కూడా ముదురు. నున్నగా అవ్వాలని గార్డు తీసేయకండి, ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగిలినా నష్టం లేదు. ముఖానికి వాడే ట్రిమ్మర్ తలను అక్కడ వాడకండి, విడిగా ఇంకో తల కొనుక్కోండి, ఇంట్లో ఇంకొకరితో పంచుకోవద్దు.