బొమ్మ చేతికి వచ్చింది, అవ్వ చేతికి రాలేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. వరంగల్‌లో ఎంబీబీఎస్ పూర్తి చేసి ఈ మధ్యే ఇంటర్న్‌షిప్‌లో చేరాను. స్కిల్స్ ల్యాబ్‌లో బొమ్మ చేతికి ఐవీ కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) ప్రతిసారీ సరిగ్గానే పెట్టేదాన్ని. పోయిన నెల వాంతులు, విరేచనాలతో వచ్చిన ఒక అవ్వకు మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కళ్ళు మూసుకొని పళ్ళు బిగబట్టింది. చివరికి సిస్టర్ వచ్చి పెట్టింది. అప్పటి నుంచి సూది పట్టుకుంటే టెన్షన్, చేతులు వణుకుతున్నాయి. రోగిని ముట్టుకునే పని లేని బ్రాంచి చూసుకోమంటారా?
— హౌస్ సర్జన్, హనుమకొండ

జవాబు: బ్రాంచి సంగతి ఇప్పుడు వద్దు బిడ్డా. ఆ అవ్వ పళ్ళు బిగబట్టడం నీకు కనబడింది, నెలైనా మరిచిపోలేదు. ముప్పై ఏళ్ళు వార్డుల్లో పాఠాలు చెప్పినవాణ్ణి, అది కంటికి ఆనని పిల్లల గురించే నాకు దిగులుగా ఉండేది. నీకు రానిది ఒక చేతిపని, అంతే.

2019లో కొత్త సిలబస్ వచ్చాక స్కిల్స్ ల్యాబ్ తప్పనిసరి అయింది. చాలా మంచి పని. మా రోజుల్లో మొదటి పోటే రోగికి. కానీ బొమ్మ చేతిలో ఉండేది రబ్బరు గొట్టం. అది పక్కకు జారదు. అవ్వకేమో ఒంట్లో నీళ్ళు పోయి నరాలు లోపలికి అణిగిపోయాయి, ముసలి చర్మం కింద అవి కదులుతాయి కూడా. కొత్త ఇంటర్న్‌కు అంత కష్టమైన చెయ్యి ఇవ్వడమే తప్పు.

నాకు ఈ పని నేర్పింది ఒక పెద్ద సిస్టర్. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు నేనూ ఇలాగే గుచ్చి గుచ్చి చెయ్యి వాచేలా చేశాను. ఆమె నా చేతిలోని సూది తీసి ట్రేలో పెట్టి, "కండ్లు మూసుకోండ్రి సారూ, వేలుతోని దేవులాడుండ్రి" అన్నది. మొద్దుబారిన ఆ చేతి మీద కంటికి ఏమీ కనబడలేదు. వేలికి మాత్రం నొక్కితే మెత్తగా దిగి మళ్ళీ లేచే నరం తగిలింది. వేలి కింద కొట్టుకుంటుంటే అది ధమని, దాని జోలికి పోవద్దు.

ముసలివాళ్ళకు 22 నంబరు, నీలం రంగు కాన్యులా తీసుకో. చేతిని మంచం అంచు నుంచి కాసేపు వేలాడనివ్వు. నరం ఉబ్బడానికి చేతికి కట్టే పట్టీ, టోర్నికే, మరీ బిగించకు, పల్చటి నరం సూది తగలగానే పగులుతుంది. ఎడమచేతి బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి పట్టుకో. అసలు కిటుకు అక్కడే ఉంది, పట్టు సడలితే నరం జారిపోతుంది. రక్తం కనబడగానే చాలామంది సంబరంలో సూది మొత్తం తోసేస్తారు, నరం అవతలి గోడకు చిల్లు పడుతుంది. నువ్వు అలా తొయ్యకుండా, రక్తం కనబడగానే సూదిని ఇంకాస్త వాల్చి, ఒకటి రెండు మిల్లీమీటర్లు పోనిచ్చి, ఆపైన కాన్యులాను మాత్రమే జరుపు. వెనక్కి తీసిన సూదిని మళ్ళీ కాన్యులాలోకి దూర్చకు, ప్లాస్టిక్ తెగవచ్చు.

రెండుసార్లు తప్పితే మూడోది నీది కాదు. సిస్టర్‌ను పిలిచి పక్కనే నిలబడి చూడు.

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకు. చెయ్యి వణికేటప్పుడు అసలే వద్దు. గుచ్చుకుంటే సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టాలి.

ఇక ఒక వారం పాటు డ్యూటీకి అరగంట ముందు, సూది లేకుండా వార్డుకు వెళ్ళు. బీడీలు చుట్టినవి, నాట్లు వేసినవి, బొగ్గు గనిలో పనిచేసినవి, మన వార్డుల్లో అన్ని రకాల చేతులూ ఉంటాయి. "అవ్వా, నరం ఎక్కడుందో చూస్త, గుచ్చను" అని ముందే చెప్పి, రోజుకు పది మంది చేతులు పట్టి చూడు. వారం తర్వాత ఎలా ఉందో నాకు రాయి.