అన్న ఇంటికో పన్ను, తమ్ముడి ఇంటికో పన్ను ఎందుకు?

ప్రశ్న: విజయవాడలో మాకు 1,200 చదరపు అడుగుల ఇల్లు ఉంది. మూడేళ్లుగా ఇంటి పన్ను ఏటా పెరుగుతోంది. హైదరాబాద్‌లో మా తమ్ముడిది అంతే ఇల్లు, వాళ్ల పన్ను కదలడం లేదు. ఇది చట్టబద్ధమేనా? అభ్యంతరం చెప్పవచ్చా?

జవాబు: చట్టబద్ధమే. అభ్యంతరమూ చెప్పవచ్చు, కానీ సరైన చోట పట్టుకోవాలి. భూములు, భవనాలపై పన్ను రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 49వ అంశం. అందుకే దేశమంతటికీ ఒకే చట్టం లేదు. రాష్ట్రం చట్టం చేసి, 243ఎక్స్ అధికరణ కింద ఆ పన్ను వేసే అధికారాన్ని మున్సిపాలిటీలకు ఇస్తుంది. పంచాయతీలకు 243హెచ్ ఉంది. కాబట్టి ఊరి పొలిమేర దాటితే లెక్క మారవచ్చు.

మీ ఇద్దరి విషయంలో అసలు తేడా పన్నుకు ఆధారం దేన్ని తీసుకున్నారన్న దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో 1955 నాటి కార్పొరేషన్ చట్టం ప్రకారం అద్దె విలువే ఆధారం. చదరపు అడుగుకు నెలకు 1 రూపాయి అనుకుంటే 1,200 అడుగులకు ఏడాదికి 14,400. ఆ స్థాయి అద్దె విలువ ఉన్న నివాసానికి పన్ను 30 శాతం, అంటే 4,320. కొత్త ఇంటికి 10 శాతం తరుగు పోతే 3,888. గ్రంథాలయ సెస్సు 8 శాతం కలిపితే సుమారు 4,199 రూపాయలు. అడుగు అద్దె విలువను సవరించనంత కాలం ఈ అంకె కదలదు.

ఆంధ్రప్రదేశ్ మాత్రం 2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువకు మారింది. స్థలానికి రిజిస్ట్రేషన్ విలువ, కట్టడానికి నిర్మాణ విలువ కలిపి, ఆ మొత్తంలో నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్య, వాణిజ్యానికైతే 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను వేస్తారు. శాతం ఎంతన్నది ఆయా పట్టణానికి విడిగా నిర్ణయిస్తారు.

మీ బిల్లు ఏటా పెరగడానికి కారణం ఇది: ఒక్కసారిగా భారం పడకూడదని, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న పరిమితి పెట్టారు. పాత పన్ను 1,500, కొత్త లెక్క 3,600 అనుకోండి. మొదటి ఏడు 1,725, తర్వాత 1,984, ఆపై 2,281... ఇలా ఏడో ఏట 3,600కు చేరుతుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే చేరాల్సిన అంకే పైకి జరుగుతుంది. అందుకే ‘ఇంకెన్నాళ్లు’ అన్నదానికి తేదీ చెప్పడం కుదరదు. పై అంతస్తు వేసినా, కింద గదిని దుకాణానికి అద్దెకిచ్చినా ఈ 15 శాతం పరిమితి మీద భరోసా పెట్టుకోకండి.

‘శాతం ఎక్కువ’ అని అర్జీ పెడితే ఫలితం దక్కడం కష్టం. లోపాలు ఉండేది కొలతల్లోనే. అసెస్‌మెంట్ నంబరుతో లెక్క పత్రం నకలు తీసుకుని చూడండి: ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం) ప్లానుతో సరిపోలిందా? పైకప్పు ఆర్‌సీసీ స్లాబా, రేకులా? కట్టిన ఏడాది సరిగ్గా రాశారా? నివాసం కాస్తా వాణిజ్యంగా నమోదైందా? నేను ముందు చూసేది ఈ చివరి గడినే. ఎందుకంటే ఒక్క మాట మారితే శాతమే మారిపోతుంది. తప్పు కనిపిస్తే ప్లాను, కరెంటు బిల్లు, ఫొటోలు జత చేసి, నోటీసులో రాసిన గడువులోపు కమిషనర్‌కు రాతపూర్వకంగా రివిజన్ పిటిషన్ (పన్ను లెక్కను సవరించమనే అర్జీ) ఇచ్చి రసీదు తీసుకోండి. నోటి మాటగా బిల్ కలెక్టర్‌కు చెప్పినది ఎక్కడా నిలవదు.

పిటిషన్ వేశాం కదా అని పన్ను ఆపకండి. బకాయికి నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ‘అభ్యంతరానికి లోబడి చెల్లిస్తున్నాను’ అని అర్జీలో రాసి కట్టండి. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం రాయితీ ప్రకటిస్తుంటారు, అది వదులుకోవద్దు.

ఇంకో మాట. అనుమతి లేని కట్టడానికి అదనపు జరిమానాతో పన్ను వసూలు చేస్తారు. ఆ రసీదు కట్టడాన్ని సక్రమం చేయదు, హక్కు పత్రమూ కాదు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు అడిగేది దస్తావేజు, ప్లాను. పన్ను రసీదు ఆ తర్వాతే.