ప్యాచ్ వేశాక గేమ్ మొరాయిస్తోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?

మీరు అడిగింది ఇది: తిరుపతిలో ఉంటారు, ఇంటెల్ 13వ తరం ఐ7 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. కొత్త ప్యాచ్ (గేమ్‌ని సరిచేసే అప్‌డేట్) వచ్చిన దగ్గర్నుంచి గేమ్ మొదటి పావుగంట ఆగి ఆగి నడుస్తోంది, కొన్నిసార్లు లోడింగ్‌లోనే 'వీడియో మెమరీ చాలదు', అంటే కార్డులోని మెమరీ సరిపోదు, అని మూసుకుపోతోంది. ఇంకో ప్యాచ్ కోసం ఆగాలా, కార్డు మార్చాలా?

కార్డు జోలికి ఇప్పుడే పోకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు.

ఆగి ఆగి నడవడం చాలావరకు షేడర్ల పని. వెలుగు, నీడ, నీళ్ళ మెరుపు ఎలా గీయాలో కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములే షేడర్లు. వాటిని మీ కార్డుకీ, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌కీ సరిపోయేలా మీ పీసీలోనే తయారు చేసి దాచుకుంటారు. గేమ్ ప్యాచో, కొత్త డ్రైవరో వచ్చిందంటే దాచుకున్నవి చాలాసార్లు పనికిరావు, మళ్ళీ మొదట్నుంచి వండాల్సిందే. మెనూలో 'షేడర్లు తయారవుతున్నాయి' అని శాతం కనిపిస్తుంటే అది 100 అయ్యేదాకా ఆగండి. నేనైతే దాన్ని వదిలేసి టీకి పోతాను. మధ్యలోనే ఆట మొదలుపెడితే ఆ వంట మీరు పరిగెత్తేటప్పుడు జరుగుతుంది, అందుకే ఆ కుదుపులు.

రెండోది అసలు సంగతి. ఈ షేడర్లు వండేటప్పుడు కష్టమంతా ప్రాసెసర్‌ది, కార్డుది కాదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ తీసుకుని నెమ్మదిగా దెబ్బతింటున్నాయని 2024లో కంపెనీయే ఒప్పుకుంది. అలాంటివి సరిగ్గా షేడర్ల దగ్గరే తడబడతాయి, గేమేమో వీడియో మెమరీ చాలదని చెబుతుంది. ఆ మాట నమ్మి కార్డు మార్చినవాళ్ళున్నారు. దీనికి మందు గేమ్ ప్యాచ్‌లో దొరకదు, మదర్‌బోర్డ్ బయాస్ (పీసీ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్‌లో ఉంది. 2024 ఆగస్టు నుంచి వస్తోంది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అది బాగుచేయదు. బయాస్ మార్చాకా అదే మెసేజ్ వస్తుంటే ప్రాసెసర్ వారంటీ అడగండి. డబ్బాతో కొన్నవాటికి వారంటీ రెండేళ్ళు పెంచారు. బిల్లు ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

గేమ్‌ని తిట్టుకుంటూ కూర్చున్న పాపం నేనూ చేశాను. రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ మొదటి ఇరవై నిమిషాలు సెకనుకి 60 ఫ్రేములు (తెర మీద గీసే బొమ్మలు) ఇచ్చి, తర్వాత 35కి పడిపోయేది. ఒక ప్యాచ్ వచ్చింది, మారలేదు. ఇంకోటి వచ్చింది, అదే కథ. చివరికి పీసీని స్కూటర్ మీద పెట్టుకుని లీలామహల్ సర్కిల్ దగ్గర రిపేర్ కుర్రాడికి చూపిస్తే, పక్క తలుపు తీసి, "ఏంది సామీ, ఇది కంప్యూటరా, పరుపా?" అన్నాడు. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుని, ఒక్క పట్టున పొరలా ఊడి వచ్చింది. సాంబ్రాణి వాసన కూడా! అమ్మ శుక్రవారం శుక్రవారం పొగ వేసే మూలలోనే నా క్యాబినెట్ ఉండేది. బ్లోయర్ కొట్టి, చిప్ వేడిని బయటికి లాగే పేస్ట్ మార్చాక కార్డు వేడి 86 డిగ్రీల నుంచి 72కి దిగింది, ఫ్రేములు మళ్ళీ పడలేదు. మన ఊళ్ళో మే నెలలో గదే కాలుతుంటే ఆ ఫ్యాన్ లాగేది కూడా వేడిగాలే కదా.

అట్లాగని తప్పంతా మన పెట్టెదే అనడం లేదు. బ్యాట్‌మ్యాన్ ఆర్ఖమ్ నైట్ పీసీ వెర్షన్‌ని 2015 జూన్‌లో వదిలి, కొద్దిరోజుల్లోనే అమ్మకం ఆపేసి, అక్టోబర్‌లో మళ్ళీ పెట్టారు. ఆ గేమ్‌కి మీరు ఎంత దుమ్ము దులిపినా లాభం ఉండేది కాదు. సైబర్‌పంక్ 2077 సంగతి ఇంకా తమాషా. 2020 డిసెంబర్‌లో నానా తిప్పలతో వచ్చి, ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లతో నిలబడింది. కానీ 2023 సెప్టెంబర్‌లో 2.0 ఇచ్చేటప్పుడు పాత హార్డ్ డిస్క్‌కి సెలవిచ్చి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి చేశారు, ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది, కూలింగ్ చూసుకోండని ముందే హెచ్చరించారు. ప్యాచ్ వస్తే గేమ్ తేలికవుతుందనే నమ్మకం నాకు అప్పుడే పోయింది.

మీరు ముందు స్టీమ్‌లో (గేమ్‌లు కొని దించుకునే యాప్) గేమ్ ప్రాపర్టీస్‌కి పోయి ఫైళ్ళు సరిచూసే ఆప్షన్ నొక్కండి, ప్యాచ్ సగం దిగి పాడైతే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత బయాస్. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే బోర్డు మూగబోవచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు. మా బావమరిది పీసీకి చేసిపెట్టాల్సి వచ్చినప్పుడు సాయంత్రం వేళ ధైర్యం చాలక, తెల్లవారుజామున ఐదుకి లేచి చేశాను. నాలుగు నిమిషాలు పట్టింది, ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరం ట్యూబ్‌లైట్ వైపే చూస్తూ కూర్చున్నాం.