సంతకం ఎరువివ్వవచ్చునా?

ప్రశ్న: సర్వర్ల నిర్వాహకుల కోసం తెలుగులో సూచనలు రాస్తున్నాను. ‘ఏజెంట్ ఫార్వర్డింగ్ చేయవద్దు’ అన్నదానికి ‘దూరపు సర్వరుకు తాళంచెవి పంపవద్దు’ అని రాశాను. సరియేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: వాక్యంలో వ్యాకరణ దోషం లేదు; దోషం అర్థంలో ఉన్నది. దూరపు కంప్యూటరులో భద్రంగా ప్రవేశించే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్; అందులో మీ రహస్య తాళంచెవిని దగ్గర ఉంచుకొని, దానితో మీ తరఫున సంతకం చేసిపెట్టే ప్రోగ్రాము ఏజెంట్. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఏజెంట్‌ను ఫార్వర్డ్ చేసినప్పుడు రహస్యమైన తాళంచెవి మీ కంప్యూటరును విడిచి ఎక్కడికీ పోదు. దూరపు సర్వరు నుంచి మరొక సర్వరులో ప్రవేశించవలసి వచ్చినప్పుడు, సంతకం చేయమన్న అభ్యర్థన మీ కంప్యూటరు దాకా వచ్చి, సంతకం మాత్రం తిరిగి వెళుతుంది. ముద్దుటుంగరం, అంటే ముద్ర వేసే ఉంగరం, మీ వేలికే ఉంటుంది. కాని ఆ సర్వరులో రూట్ అధికారం, అంటే సర్వాధికారం, చిక్కించుకొన్నవాడు, మీ లంకె తెగేవరకూ, మీ చేయి పట్టుకొని తనకు కావలసిన కాగితంమీద ఆ ముద్ర అద్దుకోగలడు. మీరు ‘పంపవద్దు’ అని రాస్తే, చదివినవాడు ‘నేనేమీ పంపలేదు గదా’ అని నిశ్చింతగా నిద్రపోతాడు.

ఇక్కడ కావలసిన మాట ఎరువు. నొసలు చిట్లించకండి, పొలానికి వేసే ఎరువు వేరే మాట. వాడుకొని, అదే వస్తువును తిరిగి ఇచ్చే కట్టుబాటుతో తెచ్చుకొనేది ఈ ఎరువు. ఎరవు అన్న రూపమూ ఉన్నది. కన్నడిగుల ఎరవలు, తమిళుల ఇరవల్ దీనికి తోబుట్టువులే. అప్పు తెచ్చిన వంద రూపాయలకు మరొక వంద నోటు ఇస్తే చెల్లిపోతుంది, చేబదులూ అంతే. పెళ్లికని కాసులపేరు ఎరువు తెచ్చుకొన్నవారు మాత్రం, ఒక్క కాసు తగ్గకుండా, ఆ కాసులపేరునే తెచ్చి ఇవ్వాలి. సొమ్ము ఒకరిది, మెడ మరొకరిది. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అన్న సామెత తెచ్చుకొన్నవాడి బాధ చెబుతుంది. మీ సర్వర్ల విషయంలో చేటు ఇచ్చినవాడిదే. ఇంతటి భేదాలకు వేరువేరు మాటలు కూర్చుకొన్న జాతి, ఈనాడు పండుగ శుభాకాంక్షలనూ పొరుగువారి కషాయం చిట్కానూ తన పేరిట చెల్లే సంతకాన్నీ ‘ఫార్వర్డ్’ అనే ఒకే గాటన కట్టివేస్తున్నది!

2019లో మ్యాట్రిక్స్ అనే సందేశాల వ్యవస్థ సర్వర్లలో జరిగినది ఇదే. చొరబాటుదారు, ప్రోగ్రాములను కూర్చి పరీక్షించే సాఫ్ట్‌వేరయిన జెంకిన్స్‌లోని లోపం ద్వారా ఒక యంత్రంలో చేరి, అక్కడికి లాగిన్ అయిన డెవలపరు ఫార్వర్డ్ చేసిన ఏజెంట్‌ను వాడుకొని అసలు సర్వర్లలోకి వెళ్లాడు.

కనుక ‘దూరపు సర్వరుకు మీ సంతకాన్ని ఎరువివ్వవద్దు’ అనడం నాకు ఇష్టం. ఎరువిచ్చిన వస్తువు చేయి దాటుతుంది, ఇక్కడ దాటదు గదా అని ఎవరైనా ఆక్షేపిస్తే నేను గట్టిగా వాదించలేను. ‘అప్పగించు’ అంతకంటె దూరపు మాట. మీవారికి ఎరువు బొత్తిగా తెలియదంటే ‘ఫార్వర్డ్’నే ఉంచి, కింద ఒక వాక్యం వివరణ రాయండి, ‘తాళంచెవి పంపు’ మాత్రం కొట్టివేయండి. మధ్య సర్వరును దాటడమే పని అయితే, 2016 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రాక్సీజంప్ అనే సదుపాయం ఉన్నది. దానికి ‘మీదుగా వెళ్లు’ అంటే చాలును, ఎరువు ప్రసక్తే రాదు.